అమెరికాలో బదిలీ విద్యార్థులు - కళాశాల ఖర్చులు

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో ఒక కళాశాలలో కొంతకాలం చదివి, అక్కడ సంపాదించిన క్రెడిట్లతో మరొక కళాశాలలో చేరి పట్టా పొందే విద్యార్థిని బదిలీ విద్యార్థి లేదా ట్రాన్స్‌ఫర్ స్టూడెంట్ అంటారు. ఇందులో బాగా వాడుకలో ఉన్న మార్గం, మొదటి రెండేళ్ళు తక్కువ రుసుము గల కమ్యూనిటీ కళాశాలలోను, మిగిలిన రెండేళ్ళు విశ్వవిద్యాలయంలోను చదవడం. కుటుంబానికి ఆర్థిక స్తోమత తక్కువగా ఉన్నవారికి ఈ మార్గం ఎంతో మేలు చేస్తుంది. అయితే సరైన సమాచారం లేకుండా ఈ దారిన వెళితే ఆదా అయిన డబ్బు కంటే నష్టపోయే డబ్బే ఎక్కువ కావచ్చు. భారతదేశంలో డిగ్రీ మధ్యలో కళాశాల మారడం అరుదు. 2021లో విశ్వవిద్యాలయ నిధుల సంఘం అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ నిబంధనలు తెచ్చిన తరువాతనే ఇక్కడ ఆ ఆలోచనకు ఒక రూపం వచ్చింది. అందువలన అమెరికా పద్ధతి మన విద్యార్థులకు, తల్లిదండ్రులకు కొంత కొత్తగా అనిపిస్తుంది.

చరిత్ర

ఇప్పటికీ పనిచేస్తున్న ప్రభుత్వ కమ్యూనిటీ కళాశాలలలో మొదటిది 1901లో ఇల్లినాయి రాష్ట్రంలో ఏర్పడిన జోలియట్ జూనియర్ కళాశాల. రెండవ ప్రపంచ యుద్ధం ముగింపు దశలో, 1944లో వచ్చిన జి.ఐ. బిల్లు వలన సైనికులు పెద్దసంఖ్యలో కళాశాలలలో చేరారు. అధ్యక్షుడు ట్రూమన్ నియమించిన ఉన్నతవిద్యా సంఘం 1947లో ఇచ్చిన నివేదికతో "కమ్యూనిటీ కళాశాల" అన్న పేరు దేశమంతటా వ్యాపించింది.

1960లో కాలిఫోర్నియా తన ఉన్నతవిద్యా ప్రణాళికను రూపొందించింది. దాని ప్రకారం ఉన్నత పాఠశాల పూర్తిచేసినవారిలో మొదటి ఎనిమిదో వంతు మందికి యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాలోను, మొదటి మూడో వంతు మందికి రాష్ట్ర కళాశాలలలోను ప్రవేశార్హత ఉంటుంది. చదువుకొనగోరిన వారందరికీ కమ్యూనిటీ కళాశాల తలుపులు తెరచి ఉంటాయి. అక్కడ బాగా చదివినవారు మూడవ సంవత్సరంలో విశ్వవిద్యాలయానికి మారవచ్చును. పదిహేడేళ్ళ వయసులో వెనుకబడిన విద్యార్థికి ఇరవయ్యో ఏట మరొక అవకాశం ఇవ్వడమే ఈ ఏర్పాటులోని సారం.

క్రెడిట్లు, ఒప్పందాలు

అమెరికాలో చదువును క్రెడిట్లలో లేదా యూనిట్లలో కొలుస్తారు. సెమిస్టరు పద్ధతిలో బాచిలర్ డిగ్రీకి సాధారణంగా 120 క్రెడిట్లు, రెండేళ్ళ అసోసియేట్ డిగ్రీకి 60 క్రెడిట్లు కావాలి. పాత కళాశాల ఇచ్చిన క్రెడిట్లను అంగీకరించాలా వద్దా అన్నది కొత్త కళాశాల నిర్ణయం. బదిలీలో ఉన్న పెద్ద చిక్కు ఇదే. అమెరికా ప్రభుత్వ గణన సంస్థ గావో 2017లో ప్రచురించిన నివేదిక ప్రకారం 2004-2009 మధ్య కళాశాల మారిన విద్యార్థులు సగటున సుమారు 43 శాతం క్రెడిట్లు కోల్పోయారు.

ఇక్కడ ఒక సూక్ష్మమైన తేడాను గమనించాలి. ఒక క్రెడిట్‌ను "అంగీకరించడం" వేరు, దానిని "ప్రధాన విషయపు అవసరానికి లెక్కించడం" వేరు. ఇంజనీరింగు విద్యార్థి చదివిన గణితాన్ని కొత్త కళాశాల ఐచ్ఛిక విషయంగా మాత్రమే జమకట్టితే, కాగితం మీద క్రెడిట్ మిగిలినా ఆ పాఠాన్ని మళ్ళీ చదవక తప్పదు. కనుక "నా క్రెడిట్లు తీసుకుంటారా?" అని కాక "నా డిగ్రీకి ఇంకా ఎన్ని క్రెడిట్లు మిగులుతాయి?" అని అడగడం మంచిది. ఆ జవాబును వ్రాతపూర్వకంగా తీసుకోవాలి.

ఈ నష్టాన్ని తగ్గించడానికి కళాశాలల మధ్య ఆర్టిక్యులేషన్ ఒప్పందాలు ఉంటాయి. కొన్ని ముఖ్యమైన రాష్ట్ర పద్ధతులు:

కాలిఫోర్నియా: 2010లో చేసిన చట్టం ప్రకారం బదిలీకి ఉద్దేశించిన అసోసియేట్ డిగ్రీ పొందినవారికి కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీలో స్థానం లభిస్తుంది. తమ డిగ్రీకి సరిపోలే కోర్సులో చేరితే మరో 60 యూనిట్లతో పట్టా పూర్తవుతుంది. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా శాఖలలో డేవిస్, అర్వైన్, మెర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రజ్ అనే ఆరు శాఖలు, నిర్దేశించిన షరతులు నెరవేర్చిన కమ్యూనిటీ కళాశాల విద్యార్థులకు ముందుగానే ప్రవేశ హామీ ఇస్తాయి. ఏ పాఠం ఏ పాఠానికి సమానమో "అసిస్ట్" అనే రాష్ట్ర జాలస్థలిలో చూడవచ్చును.

ఫ్లోరిడా: 1971 నుండి రాష్ట్రవ్యాప్త ఒప్పందం ఉంది. అసోసియేట్ ఇన్ ఆర్ట్స్ పట్టా గలవారికి రాష్ట్ర విశ్వవిద్యాలయాలలో ఏదో ఒకదానిలో స్థానం ఖాయం. కోరుకున్న విశ్వవిద్యాలయమే, కోరుకున్న విషయమే దొరుకుతుందన్న హామీ మాత్రం లేదు.

టెక్సస్: 42 క్రెడిట్ల సాధారణ పాఠ్యప్రణాళికను ఒక ప్రభుత్వ కళాశాలలో పూర్తిచేస్తే, రాష్ట్రంలోని ఇతర ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు దానిని మొత్తంగా అంగీకరించాలి.

ఈ ఒప్పందాలు చాలావరకు రాష్ట్రపు ఎల్లలు దాటవు. రాష్ట్రం మారే విద్యార్థి ప్రతి పాఠం యొక్క సిలబస్‌ను భద్రపరచుకోవడం అవసరం. అభ్యంతరం వచ్చినప్పుడు అదే సాక్ష్యం.

ఖర్చు లెక్క: ఒక ఉదాహరణ

కాలిఫోర్నియా నివాసులకు కమ్యూనిటీ కళాశాల రుసుము 2012 వేసవి నుండి యూనిట్‌కు 46 డాలర్లు. ఆ లెక్కన 60 యూనిట్లకు 2,760 డాలర్లు అవుతుంది. కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీలో 2025-26 సంవత్సరపు ట్యూషన్ 6,450 డాలర్లు. శాఖల వారీ ఇతర రుసుములు దీనికి అదనం. ఇదే రేటు కొనసాగుతుందనుకుంటే నాలుగేళ్ళూ అక్కడే చదివినవారికి 25,800 డాలర్లు, రెండేళ్ళ తరువాత మారినవారికి 2,760 + 12,900 = 15,660 డాలర్లు అవుతుంది. తేడా 10,140 డాలర్లు.

ఇప్పుడు ఆ విద్యార్థికి 12 యూనిట్లు లెక్కలోకి రాలేదనుకుందాం. దాదాపు ఒక సెమిస్టరు అదనంగా చదవాలి. దానికి ట్యూషన్ 3,225 డాలర్లు. దానితోపాటు ఆరు నెలల అద్దె, భోజనం, ఉద్యోగం ఆలస్యమవడం వలన పోయిన జీతం. మొదట కనిపించిన లాభంలో అధికభాగం ఇక్కడే కరిగిపోతుంది. ఇంటి దగ్గర ఉండి చదివే వీలుంటే ట్యూషన్ కంటే ఎక్కువ ఆదా అద్దెలోనే జరుగుతుందన్నది కూడా గుర్తుంచుకోవాలి.

ప్రకటిత రుసుము, నికర ఖర్చు

కళాశాల ప్రకటించే రుసుమును చూసి భయపడి దరఖాస్తు మానుకోవడం పేద కుటుంబాలు సాధారణంగా చేసే పొరపాటు. గ్రాంట్లు, ఉపకార వేతనాలు తీసివేసిన తరువాత కుటుంబం చెల్లించవలసినదే నికర ఖర్చు. ఊహాత్మకంగా, సంవత్సరానికి 60,000 డాలర్లు అడిగే ఒక ప్రైవేటు కళాశాల 45,000 డాలర్ల గ్రాంటు ఇస్తే నికర ఖర్చు 15,000. 28,000 అడిగే పొరుగు రాష్ట్రపు ప్రభుత్వ కళాశాల 9,000 మాత్రమే ఇస్తే నికర ఖర్చు 19,000. పైకి ఖరీదుగా కనిపించినదే చవక అయింది. 2008లో చేసిన ఉన్నతవిద్యా చట్టం ప్రకారం ప్రతి కళాశాల తన జాలస్థలిలో నికర ఖర్చు గణన పరికరాన్ని ఉంచాలి. కాని ఆ అంచనా మొదటి సంవత్సరం విద్యార్థులకు ఉద్దేశించినది. బదిలీ విద్యార్థులు దానిపై ఆధారపడక ఆర్థిక సహాయ కార్యాలయాన్ని నేరుగా అడగాలి. ఎందుకంటే కొత్త విద్యార్థుల ఆర్థిక అవసరాన్ని పూర్తిగా తీరుస్తామనే కళాశాలలు కొన్ని బదిలీ విద్యార్థులకు ఆ మాట ఇవ్వవు. ప్రతిభా ఉపకార వేతనాలలో పెద్దవి కూడా తరచుగా మొదటి సంవత్సరం వారికే కేటాయిస్తారు.

ప్రభుత్వ సహాయం

కేంద్ర ప్రభుత్వ సహాయానికి ఫాఫ్సా అనే దరఖాస్తు నింపాలి. తక్కువ ఆదాయం గల కుటుంబాల పిల్లలకు పెల్ గ్రాంటు లభిస్తుంది. 1972లో మొదలైన ఈ గ్రాంటుకు 1980లో సెనేటర్ క్లెయిబోర్న్ పెల్ పేరు పెట్టారు. 2025-26లో దీని గరిష్ఠ మొత్తం 7,395 డాలర్లు. ఇది తిరిగి చెల్లించనక్కరలేదు. అయితే ఒక వ్యక్తి జీవితకాలంలో 12 పూర్తి సెమిస్టర్లకు సమానమైన కాలం మాత్రమే దీనిని పొందగలడు. కమ్యూనిటీ కళాశాలలో గమ్యం లేకుండా గడిపిన సెమిస్టర్లు ఖరీదైన విశ్వవిద్యాలయంలో అక్కరకు వచ్చే గ్రాంటును ముందే తినివేస్తాయి.

బదిలీ విద్యార్థులు మరువకూడని విషయాలు:

సహాయం విద్యార్థి వెంట దానంతట అది రాదు. కొత్త కళాశాల సంకేత సంఖ్యను ఫాఫ్సాలో చేర్చాలి.

ఫాఫ్సా రెండేళ్ళ క్రితపు ఆదాయాన్ని చూస్తుంది. 2026-27కు 2024 ఆదాయమే లెక్క. ఈలోగా తండ్రి ఉద్యోగం పోయినా, ఇంట్లో అనారోగ్యం వచ్చినా, ఆధారాలతో సహాయ కార్యాలయానికి విన్నవించుకొంటే లెక్కను సవరించే అధికారం వారికి ఉంది.

తల్లిదండ్రులపై ఆధారపడిన విద్యార్థి తీసుకోగల కేంద్ర రుణానికి పరిమితి ఉంది. మొదటి ఏడు 5,500, రెండవ ఏడు 6,500, ఆ తరువాత ఏటా 7,500 డాలర్లు, మొత్తం 31,000 డాలర్లు. తల్లిదండ్రులు తీసుకొనే ప్లస్ రుణానికి, 2025లో చేసిన చట్టం 2026 జూలై 1 నుండి ఒక్కొక్క విద్యార్థికి ఏటా 20,000, మొత్తం 65,000 డాలర్ల పరిమితి విధించింది.

కళాశాల పంపే సహాయ పత్రాన్ని జాగ్రత్తగా చదవాలి. "మొత్తం సహాయం 22,000" అని ఉంటే అందులో గ్రాంటు ఎంత, అప్పు ఎంత, పనిచేసి సంపాదించుకోవలసినది ఎంత అని విడదీసి వ్రాసుకోవాలి. అప్పును సహాయంగా లెక్కవేసుకోవడం వలననే చాలా కుటుంబాలు చిక్కుల్లో పడుతున్నాయి.

ప్రత్యేక ఉపకార వేతనాలు

జాక్ కెంట్ కుక్ ఫౌండేషన్ కమ్యూనిటీ కళాశాల నుండి మారే ప్రతిభావంతులైన పేద విద్యార్థులకు సంవత్సరానికి 55,000 డాలర్ల వరకు ఇస్తుంది. పోటీ తీవ్రంగా ఉంటుంది. 1918లో స్థాపించబడిన ఫై తీటా కాప్పా అనే రెండేళ్ళ కళాశాలల ప్రతిభా సంఘపు సభ్యులకు అనేక విశ్వవిద్యాలయాలు ప్రత్యేక వేతనాలు కేటాయిస్తాయి. 1990 నుండి బదిలీ ప్రవేశాలు నిలిపివేసిన ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయం 2018లో వాటిని తిరిగి ప్రారంభించి, కమ్యూనిటీ కళాశాల విద్యార్థులకు, మాజీ సైనికులకు, తక్కువ ఆదాయం గలవారికి ప్రోత్సాహం ఇస్తున్నది.

తెలుగు కుటుంబాలు

అమెరికాలో హెచ్-1బి వీసాపై పనిచేస్తున్న తెలుగువారి పిల్లలు హెచ్-4 వీసాపై ఉంటారు. వారు అక్కడే పెరిగినా ఫాఫ్సా ద్వారా వచ్చే కేంద్ర సహాయానికి అర్హులు కారు. కొన్ని రాష్ట్రాలు వీరికి స్థానిక రుసుము వర్తింపజేస్తాయి. 21 ఏళ్ళు నిండగానే హెచ్-4 హోదా ముగుస్తుంది. గ్రీన్ కార్డు రాని పక్షంలో వారు సాధారణంగా ఎఫ్-1 వీసాకు మారతారు. అప్పుడు పలుచోట్ల బయటివారి రుసుము చెల్లించవలసి వస్తుంది. డిగ్రీ మూడవ ఏట అడుగుపెట్టే వయసు దాదాపు ఇదే గనుక, బదిలీకి ముందే ఆ కళాశాల నివాస నిబంధన తెలుసుకోవాలి.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల నుండి ఎఫ్-1 వీసాపై వెళ్ళేవారికి కూడా కేంద్ర సహాయం లేదు. కమ్యూనిటీ కళాశాలలో సైతం వారు బయటివారి రుసుమే చెల్లించాలి. ఒక కళాశాల నుండి మరొకదానికి మారేటప్పుడు సెవిస్ నమోదును సకాలంలో బదిలీ చేయించుకోకపోతే వీసా హోదాకే ముప్పు.

గుర్తింపు, మోసాలు

చవక కళాశాల వెదుకులాటలో అన్నిటికంటే పెద్ద ప్రమాదం నకిలీ సంస్థలు. కాలిఫోర్నియాలోని ట్రై-వ్యాలీ విశ్వవిద్యాలయాన్ని 2011 జనవరిలో అధికారులు మూసివేసినప్పుడు వెయ్యిమందికి పైగా విద్యార్థులు చిక్కుకున్నారు. వారిలో అత్యధికులు భారతీయులు, అందునా ఆంధ్రప్రదేశ్ వారు ఎందరో. కొందరి కాళ్ళకు నిఘా పరికరాలు తగిలించారు. 2019 జనవరిలో మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయం వ్యవహారం బయటపడింది. అది ప్రభుత్వ అధికారులే వల పన్ని నడిపిన సంస్థ. అక్కడ తరగతులు లేవు, అధ్యాపకులు లేరు. అరెస్టయినవారిలో తెలుగు విద్యార్థులు చాలామంది ఉన్నారు.

రెండవ ఉదంతంలో ఆ సంస్థకు గుర్తింపు ఉన్నట్లుగానే జాబితాలలో చూపారు. కాబట్టి గుర్తింపు జాబితా చూడడం అవసరమే గాని, అది ఒక్కటే చాలదు. పాఠాలు ఏ రోజు, ఏ గదిలో, ఎవరు చెబుతారు అన్న ప్రశ్నలకు సూటిగా జవాబు రాని చోట రుసుము కట్టకూడదు. హాజరు అక్కరలేదు, ఉద్యోగం చేసుకోవచ్చు అని ఎవరైనా ఆశ చూపితే అది కళాశాల కాదనే గ్రహించాలి.

పాటించదగిన క్రమం

మొదటి సెమిస్టరులోనే చేరదలచిన విశ్వవిద్యాలయాలను మూడు నాలుగు ఎంచుకొని, వాటి ఒప్పందాల ప్రకారమే పాఠాలు తీసుకోవాలి. బదిలీ సలహాదారును ప్రతి సెమిస్టరు కలవాలి. అక్టోబరు, నవంబరు నెలలలో దరఖాస్తులు, ఫాఫ్సా పూర్తిచేయాలి. పాత కళాశాలకు బాకీ లేకుండా చూసుకోవాలి, ఎందుకంటే బాకీ ఉంటే ట్రాన్స్‌క్రిప్టు ఆపే కళాశాలలు ఉన్నాయి. సహాయ పత్రాలు వచ్చాక ఒక్క సంవత్సరపు ఖర్చును కాక, పట్టా చేతికి వచ్చేవరకు అయ్యే మొత్తం ఖర్చును పోల్చి చూడాలి. తక్కువ రుసుము గల కళాశాల కంటే, మిగిలిన చదువును తక్కువ కాలంలో, తక్కువ అప్పుతో పూర్తిచేయించే కళాశాలే నిజంగా చవకైనది.