అమ్మాయి ఏరోస్పేస్ అంటోందా?

ఇంటర్ ఎంపీసీ చదివే అమ్మాయి ‘ఏరోస్పేస్ చేస్తాను’ అందనుకోండి. ఇంట్లో మొదటి ప్రశ్న, ‘పైలట్‌వి అవుతావా?’ రెండోది, ‘అమెరికా వెళ్లాలేమో కదా?’ హకీంపేట శిక్షణ విమానాల మోత వింటూ పెరిగిన మన సికింద్రాబాద్‌లోనూ ఇవే ప్రశ్నలు!

విమానం నడపడం వేరు, తయారుచేయడం వేరు. రెక్క ఏ ఆకారంలో ఉండాలి, బరువు తగ్గించినా విరక్కుండా ఎలా చూడాలి, ఇంజన్‌కి ఎంత బలం కావాలి అన్నవి తేల్చేది ఇంజనీరు. ఏరోనాటికల్ అంటే ముఖ్యంగా విమానాలు. ఏరోస్పేస్‌లో రాకెట్లు, ఉపగ్రహాలూ కలుస్తాయి.

కళ్లజోడు ఉంటే పనికిరారేమోనన్న బెంగ అక్కర్లేదు. మన తెలుగమ్మాయి బండ్ల శిరీషకి చూపు సరిపోక పైలట్ దారి మూసుకుపోయింది. ఆవిడ అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయంలో ఈ ఇంజనీరింగే చదివారు. 2021 జులై 11న వర్జిన్ గెలాక్టిక్ వ్యోమనౌకలో అంతరిక్షం అంచుదాకా వెళ్లొచ్చారు.

అయితే ఆవిడ పెరిగింది అమెరికాలో. ఇక్కడినుంచి వెళ్లేవాళ్ల సంగతి వేరు. రాకెట్ల పరిజ్ఞానం బయటి దేశాలవారి చేతికి వెళ్లకుండా అక్కడ గట్టి చట్టాలున్నాయి. అందుకే అలాంటి కంపెనీల్లో చాలా ఉద్యోగాలు అక్కడి పౌరులకీ, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకే. అప్పుచేసి ఎమ్మెస్‌కి పంపేముందు ఈ సంగతి తెలుసుకోవాలి.

పని మన ఊళ్లోనే ఉంది. అగ్ని క్షిపణులకు రూపమిచ్చే డీఆర్‌డీవో ప్రయోగశాల హైదరాబాద్‌లోనే ఉంది. అక్కడ 2011లో అగ్ని-4ని నడిపించిన టెస్సీ థామస్ బీటెక్‌లో చదివింది ఎలక్ట్రికల్! క్షిపణుల చదువు తర్వాత పుణేలో. కాబట్టి బ్రాంచి దొరకలేదని ఏడవక్కర్లేదు. మెకానికల్, ఎలక్ట్రానిక్స్ వాళ్లకీ చోటుంది. హైదరాబాద్ కంపెనీ స్కైరూట్ 2022 నవంబరు 18న శ్రీహరికోట నుంచి విక్రమ్-ఎస్ రాకెట్‌ని ఎగరేసింది. దేశంలో ప్రైవేటు రాకెట్ ఎగరడం అదే మొదలు. ఆదిభట్లలో అపాచీ హెలికాప్టర్ల బాడీలు తయారవుతున్నాయి.

చదువుకి తిరువనంతపురంలో 2007లో పెట్టిన ఐఐఎస్‌టీ ఉంది. జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకు కావాలి. మద్రాసు, బొంబాయి ఐఐటీల్లోనూ ఈ బ్రాంచి ఉంది. అంత ర్యాంకు రాకపోతే మన దుండిగల్ వైపు కాలేజీల్లో ఏరోనాటికల్ ఉంది. ఏదైనా, సాఫ్ట్‌వేర్‌లా నాలుగేళ్లు కాగానే ఉద్యోగం రాకపోవచ్చు. గేట్ రాసి ఎంటెక్ చేయడానికి ఓపిక ఉండాలి. లెక్కలు, ఫిజిక్స్ అంటే భయపడే పిల్లని మాత్రం విమానాల మోజుతో ఇందులోకి తోయకండి.

కాలేజీ చూడ్డానికి వెళ్తే లేబొరేటరీ చూపించమని అడగండి. గాలి సొరంగం, అదే ‘విండ్ టన్నెల్’, ఉందా, పనిచేస్తోందా, పిల్లల్ని ముట్టుకోనిస్తున్నారా? ఇది ఆఫీసులో కాదు, అక్కడ చదివే మూడో సంవత్సరం అమ్మాయిల్ని అడగాలి.