చీటీలో ఇమడని చికిత్స

మూడు జబ్బులు ఒక్కసారే చుట్టుముట్టిన రోగికి కావాల్సింది ఆంక్షల చిట్టా కాదు, తన షిఫ్టుకు, తన వంటింటికి సరిపడే మార్పు

జంషెడ్‌పూర్‌లో చాలా ఇళ్లలో భోజన వేళను నిర్ణయించేది ఆకలి కాదు, షిఫ్టు. ఉదయం 6కి ఏ షిఫ్టు, మధ్యాహ్నం 2కి బీ, రాత్రి 10కి సీ. 1912లోనే ఎనిమిది గంటల పని విధానం తెచ్చిన ఉక్కు కర్మాగారం ఈ ఊరి తిండినీ నిద్రనూ కూడా తన వేళలకు కట్టేసుకుంది. తరాల కిందట ఉత్తరాంధ్ర నుంచి వచ్చి కద్మా, బిష్టుపూర్‌లలో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలూ అందుకు మినహాయింపు కాదు. రాత్రి షిఫ్టులు మధుమేహం ముప్పును పెంచుతాయని అధ్యయనాలు చెబుతున్నాయి.

పట్టణ జీవితం ప్రభావం లెక్కల్లోనూ కనిపిస్తుంది. 2011లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ సర్వే తొలి దశ ఫలితాల ప్రకారం జార్ఖండ్ పల్లెల్లో మధుమేహుల శాతం 3 కాగా, పట్టణాల్లో 13.5. 2023లో ప్రచురితమైన జాతీయ అంచనాల ప్రకారం దేశంలోని వయోజనుల్లో 11.4 శాతం మందికి మధుమేహం, 35.5 శాతం మందికి అధిక రక్తపోటు ఉన్నాయి. చాలామందిలో ఈ రెండూ జత కడతాయి. కొన్నేళ్లకు మూత్రపిండాలు దెబ్బతింటాయి.

అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది. ఒక జబ్బుకు చెప్పిన పథ్యం మరో జబ్బుకు పనికిరాదు. షుగర్ కోసం అన్నం తగ్గించి పప్పు పెంచుకున్న మనిషికి, కిడ్నీలు బలహీనపడ్డాక మాంసకృత్తులు మితంగా తీసుకోవాలంటారు. బీపీకి మంచిదని తక్కువ సోడియం ఉప్పు కొంటే అందులోని పొటాషియం కిడ్నీ రోగి గుండెకే ముప్పు తేవచ్చు. అరికాళ్లు మొద్దుబారిన వారు సరైన చెప్పులు లేకుండా నడక మొదలుపెడితే పుండ్లు పడతాయి. ఇన్సులిన్ తీసుకుని సీ షిఫ్టుకు వెళ్లినప్పుడు భోజనం ఆలస్యమైతే షుగర్ హఠాత్తుగా పడిపోతుంది. క్రేన్ మీదో, కొలిమి పక్కనో ఉన్న కార్మికుడికి అది ప్రాణాల మీదికి రావచ్చు. ఆ భయంతో ముందు జాగ్రత్తగా నాలుగు ముద్దలు ఎక్కువ తినే మనిషిని 'మాట వినని రోగి' అనడం తేలికే. కానీ అతని లెక్క అతనికుంది.

అందుకే ఆదేశాలకన్నా సంభాషణ ముఖ్యమంటుంది ఆధునిక వైద్యం. అమెరికా మనస్తత్వవేత్త విలియం మిల్లర్ మద్యం అలవాటున్న వారి కోసం 1983లో ప్రతిపాదించిన పద్ధతి ఇప్పుడు దీర్ఘవ్యాధుల చికిత్సలోనూ వాడుకలో ఉంది. ఏం మార్చాలో వైద్యుడు ఏకరువు పెట్టడు. ఏది మార్చగలరో రోగి చేతే చెప్పిస్తాడు. ఆ మార్పు మిగతా జబ్బులకు చేటు చేయదా అన్నది చూడటం వైద్యుడి పని. పద్ధతిగా తోడుంటే మన దగ్గరా ఫలితం దక్కుతుంది. మధుమేహం అంచున ఉన్నవారికి ఆహారం, వ్యాయామాలపై క్రమం తప్పకుండా సలహాలిస్తే జబ్బు ముప్పు 28.5 శాతం తగ్గిందని చెన్నై పరిశోధకులు 2006లో తేల్చారు.

ఆచరణలో ఇది చిన్న చిన్న అడుగుల వ్యవహారం. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలంటుంటే భారతీయులు సగటున 8 గ్రాములు తింటున్నారు. ఆవకాయ పూర్తిగా మానమంటే వినని ఇంట్లో ఒక పూటకే పరిమితం చేయమంటే వినొచ్చు. ఆ మాట వంట చేసేవారి సమక్షంలో, వారి భాషలో చెప్పాలి. షిఫ్టు మారిన వారం మాత్రల వేళ, ఇన్సులిన్ మోతాదు ఎలా మార్చుకోవాలో వైద్యుడే ముందుగా రాసివ్వాలి. రాత్రి డ్యూటీకి వెళ్లేవారి జేబులో గ్లూకోజ్ ఉండాలి. రోజూ అరికాళ్లు చూసుకోవాలి. ఒకటి కుదిరాకే మరొకటి.

ప్రభుత్వం 2010లో ప్రారంభించిన అసాంక్రమిక వ్యాధుల నియంత్రణ కార్యక్రమం కింద 30 ఏళ్లు దాటినవారికి పరీక్షలు చేస్తున్నారు. జార్ఖండ్‌లో 'సహియా'లుగా పిలిచే ఆశా కార్యకర్తలు ఇంటింటికీ వెళ్లి ముప్పు ఉన్నవారిని గుర్తిస్తున్నారు. అయితే జబ్బు ఉందని చెప్పడంతో పని సగమే పూర్తయినట్టు. కిక్కిరిసిన ఓపీలో ఒక్కో రోగితో పావుగంట మాట్లాడటం వృథాగా తోచవచ్చు. కిడ్నీలు పూర్తిగా చేతులెత్తేస్తే అదే మనిషి వారానికి రెండు మూడుసార్లు, ప్రతిసారీ సుమారు నాలుగు గంటలు డయాలసిస్ యంత్రం పక్కన గడపాలి. ఆ లెక్కన పావుగంట ఖరీదైనదేమీ కాదు.