కదిలే బీరువాలు... దొరికే కాగితాలు

తాతగారి పొలానికి పాత దస్తావేజు నకలు కావాలి. ఆఫీసుకెళ్తే 'రికార్డు రూములో వెతకాలండీ, వారం ఆగి రండి' అంటారు. ఆ గదిలోకి తొంగిచూస్తే గుండె గుభేలుమంటుంది. బీరువాలు నిండి, కట్టలు నేలమీదికి దిగి, అక్కడా చాలక వరండాలోకి చేరి ఉంటాయి. వానజల్లుకు తడిసేవి కొన్ని, చెదల పాలయ్యేవి కొన్ని. వాటిలో మనదే ఉంటే?

గది చాలదనుకుంటాం కానీ, అందులో సగానికి పైగా నడవడానికే వదిలేస్తాం! లెక్క చూడండి. రెండువైపులా కట్టలు పెట్టే అలమర వెడల్పు రెండున్నర అడుగులు, పక్కన దారి మూడడుగులు అనుకుందాం. 55 అడుగుల గదిలో 10 అలమరలు, 10 దారులు పడతాయి. మనిషి ఒకసారికి నడిచేది ఒక్క దారిలోనే కదా! మిగతా తొమ్మిదీ తీసేస్తే? అదే గదిలో 20 అలమరలు!

కదిలే అలమరల కిటుకు ఇదే. మన ఆఫీసుల్లో వీటిని 'కాంపాక్టర్లు' అంటారు. నేలమీద పట్టాలు, వాటిపై చక్రాలున్న అలమరలు ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడతాయి. చివర స్టీరింగులాంటి చక్రం ఉంటుంది. దాన్ని తిప్పితే పళ్లచక్రాల సాయంతో టన్నుల బరువు కూడా మెల్లగా పక్కకు జరుగుతుంది. కావాల్సిన చోట దారి తెరుచుకుంటుంది. లోపల మనిషి ఉండగా ఇంకొకరు కదపకుండా తాళం వేసుకోవచ్చు.

బ్రిటిష్ మ్యూజియానికీ తప్పలేదు

పుస్తకాలు పెరిగి చోటు చాలక లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియమూ తంటాలు పడింది. బెత్నాల్ గ్రీన్ ఉచిత గ్రంథాలయంలో కనిపించిన ఒక ఏర్పాటు అక్కడివారికి దారి చూపింది. పుస్తకాల విభాగంలోని రిచర్డ్ గార్నెట్ చొరవతో 1887లో, ఉన్న అలమరల ముందు పైనుంచి వేలాడే అదనపు అలమరలు వచ్చాయి. వెనకున్న పుస్తకం కావాలంటే ముందున్నదాన్ని లాగడమే! బ్రిటన్ ప్రధానిగా నాలుగుసార్లు పనిచేసిన గ్లాడ్‌స్టన్ కూడా పుస్తకాలు ఎలా సర్దాలో 1890లో ఏకంగా వ్యాసమే రాశాడు. నేలమీది పట్టాలపై కదిలే నేటి తరహా అలమరలకు 1940లలో రూపమిచ్చింది స్విట్జర్లాండ్ ఇంజినీరు హన్స్ ఇంగోల్డ్. ఆయన పెట్టిన పేరు 'కాంపాక్టస్'.

తొందరపడితే ముప్పే

అలమరలు రెట్టింపైతే బరువూ రెట్టింపవుతుంది. అందుకే ఇంజినీరుకు చూపించకుండా పై అంతస్తులో పెట్టకూడదు. పట్టాలు సమంగా లేకపోతే అలమర దానంతటదే జారిపోతుంది. గాలి ఆడకుండా బిగించేస్తే కాగితాలకు బూజు పడుతుంది. పైగా తెరుచుకునేది ఒక్క దారే కాబట్టి ఇద్దరికి రెండు చోట్ల పనిపడితే ఒకరు ఆగాల్సిందే. రోజూ తీసేవాటికన్నా ఎప్పుడో అవసరపడే కాగితాలకే ఇవి మేలు.

అన్నిటికన్నా ముఖ్యం జాబితా. ఏ కట్ట ఏ అలమరలో, ఏ అరలో ఉందో రాసిపెట్టకపోతే ఎంత ఖరీదైన అలమరైనా కదిలే గోడే! రాసి ఉంటే మాత్రం... చక్రం నాలుగుసార్లు తిప్పేసరికి తాతగారి దస్తావేజు చేతికొస్తుంది.