వెనకటి రోజుల్లోకి వెళ్లొద్దామా?

సైన్సు కథలనగానే రాకెట్లూ, రాబోయే కాలమూ గుర్తొస్తాయి కదూ? వెనకటి కాలంలో నడిచే సైన్సు కథలూ ఉన్నాయండీ. 1991లో వచ్చిన 'ఆదిత్య 369' సినిమాలో కాలయంత్రం ఎక్కి శ్రీకృష్ణదేవరాయల కొలువుకు వెళ్లడం మనమంతా ముచ్చటగా చూశాం.

అయితే, వెనక్కి వెళ్లినవాళ్లందరికీ రాజమర్యాదలే దక్కుతాయా? అమెరికాలోని నల్లజాతి రచయిత్రి ఆక్టేవియా బట్లర్ 1979లో రాసిన 'కిండ్రెడ్' నవల చూడండి. అందులో డేనా అనే నల్లజాతి యువతి 1976లో కాలిఫోర్నియాలో భర్తతో కాపురముంటుంది. ఉన్నట్టుండి దాదాపు 160 ఏళ్లు వెనక్కి, మేరీలాండ్‌లో బానిసలు చాకిరీ చేసే ఓ పెద్ద కమతంలోకి వెళ్లిపడుతుంది. యంత్రమూ లేదు, మంత్రమూ లేదు. చదువుకున్న పిల్ల, రచనలు చేసే పిల్ల. అయినా అక్కడ ఆమెను బానిసగానే చూస్తారు, కొరడాతో కొడతారు. పైగా ఆ యజమాని కొడుకు రూఫస్ తన పూర్వీకుడే! అతనికి బిడ్డ పుడితేగాని తన వంశం లేదు. అందుకే, అతనికి ప్రాణం మీదికి వచ్చినప్పుడల్లా తనే కాపాడాలి. చివరికి ఎడమ చెయ్యి పోగొట్టుకుని ఇల్లు చేరుతుంది.

"ఆ రోజులే వేరు, ఎంత బాగుండేవో!" అని మనమూ అంటూంటాం. ఎవరికి బాగుండేవి? ఆ ప్రశ్న అడగడం నేర్పుతాయి ఇలాంటి కథలు. ఈసారి అమ్మమ్మగారు పాత కబుర్లు చెబుతుంటే, మెల్లిగా ఆ మాట కూడా అడిగి చూడండి.