అమ్మకో టీవీ బీరువా

అమ్మకు టీవీ బీరువా చేసిపెట్టాలంటే మన కోనసీమలో ముందుగా లెక్కలోకి తీసుకోవలసింది చెమ్మ. చెక్క వానాకాలంలో వెడల్పున ఉబ్బుతుంది, ఎండల్లో ముడుచుకుంటుంది. పొడవు మాత్రం దాదాపు మారదు. కనుక తలుపు పలకను మేకులతో, జిగురుతో బిగించెయ్యకుండా చట్రం గాడిలో వదులుగా కూర్చోబెట్టాలి, బిగిస్తే పగిలిపోతుంది.

టేకులోనైనా నడిమి చేవే తీసుకోవాలి, అంచున ఉండే తెల్లచెక్క చెదల పాలవుతుంది. 1996 నవంబరు తుపానుకు మన తోటల్లో కూలినటువంటి కొబ్బరిమానుకైతే ఈ లెక్క తిరగబడుతుంది: గట్టిదనం అంచున, మెత్తదనం నడుమ.

బీరువా వెనుక మూసెయ్యకండి, టీవీ వేడి పోవాలి గదా! పిల్లలు పట్టుకు లాగినా పడకుండా గోడకు బిగించండి. ఇక ఎత్తు: తెర అమ్మ కళ్లకు సూటిగా ఉండాలి. అందుచేత కొలతటేపు ముందు ఆమె కూర్చునే కుర్చీ దగ్గర పట్టండి.