కడుపులో చల్ల కదలాలి

మా ఫిజియోథెరపీ గదికి వచ్చే కేన్సర్ రోగులు చాలామంది మొదటిరోజు నోరు విప్పరు. వాళ్ల తరఫున ఇంట్లోవాళ్లే మాట్లాడతారు. "మంచం దిగనివ్వట్లేదు మేడమ్, అన్నీ చేతికే అందిస్తున్నాం. కడుపులో చల్ల కదలకుండా చూసుకుంటున్నాం" అంటారు, కాస్త గర్వంగానే. ఆ ప్రేమను నేను శంకించను. కాకపోతే రోగి కాళ్లలో సత్తువను తినేస్తున్నది కొంతవరకు ఆ ప్రేమేనని చెప్పాలి. హైదరాబాద్‌లో ఈ పనిలో ఇన్నేళ్లయినా, నొప్పించకుండా ఆ మాట చెప్పడమే నాకు అన్నిటికన్నా కష్టం.

నాట్లేసి వచ్చిన మనిషి అలసట రాత్రి నిద్రపోతే తీరుతుంది. కీమో నీరసం అలా తీరదు. రక్తం తగ్గడం, నిద్ర చెడటం, తిండి సయించకపోవడం, మందులు, దిగులు అన్నీ కలిసి తెచ్చే నీరసం అది. దానికి మంచం తోడవుతుంది. వాడని కండ కరుగుతుంది. కండ కరిగాక బాత్రూమ్ దాకా వెళ్లిరావడానికే ఆయాసం వస్తుంది. ఆ ఆయాసం చూసి ఇంట్లోవాళ్లు ఇంకా పడుకోబెడతారు. వాంతులు రాకుండా కీమోతో పాటు ఇచ్చే డెక్సామెథసోన్ స్టెరాయిడ్ మందు. దాన్ని ఎక్కువ మోతాదులో, ఎక్కువకాలం వాడాల్సి వస్తే ముందుగా తొడ కండరాలు బలహీనపడతాయి. అందుకే మా దగ్గర పరీక్ష కుర్చీతో మొదలవుతుంది.

చేతులు లేని కుర్చీని గోడకు ఆనించి పెడతాం. రెండు చేతులూ ఛాతీ మీద కట్టుకుని 30 సెకన్లలో ఎన్నిసార్లు లేచి నిలబడగలరో లెక్కపెడతాం. చేయి ఆనించి లేస్తే లెక్కలోకి రాదు. సిద్దిపేట వైపు నుంచి రొమ్ము కేన్సర్ చికిత్సకు వచ్చే ఒకామె మొదటిసారి లేవబోతూ తొడ మీద చేయి ఆనించింది.

"పెద్దమ్మా, చేతులు కట్టుకోవాలె" అన్నాను.

"చేతులు కట్టుకుంటే కాళ్లు లేస్తలేవు బిడ్డా. ఎకరం కలుపు ఒక్కదాన్నే తీసేదాన్ని, గిట్లయిపోయిన."

మూడో కీమో అయిందట. "ఇంకెందుకు మేడమ్ అమ్మను సతాయించుడు" అంటూ కూతురు పట్టుకోవడానికి వచ్చింది. పెద్దమ్మ ఆమెను సైగతో ఆపింది. కుర్చీ అంచుకు జరిగి, పాదాలు వెనక్కి లాక్కుని, ముక్కు మోకాళ్లను దాటేదాకా ముందుకు వంగి లేచింది. మేం పనిగట్టుకుని నేర్పే పద్ధతి అది, ఆమెకు ఎవరూ నేర్పలేదు. పొద్దున ఐదుసార్లు, సాయంత్రం ఐదుసార్లు అలా లేచి కూర్చోమని, మధ్యమధ్య వాకిట్లో నడవమని రాసిచ్చాను. కూతురికి కూడా ఒక పని చెప్పాను: మంచం పక్కనున్న మంచినీళ్ల చెంబును వంటింట్లోకి మార్చెయ్యమని. ఆమెకు ఆ మాట అస్సలు నచ్చలేదు.

వ్యాయామానికీ మోతాదు ఉంటుంది, అది కీమో సైకిల్‌ను బట్టి మారుతుంది. మూడు వారాలకోసారి ఇచ్చే కీమోనే తీసుకుందాం. మందు ఎక్కిన తర్వాతి రెండు మూడు రోజులు వికారం, ఒళ్లు తేలిపోవడం. అప్పుడు ఇంట్లోనే ఐదేసి నిమిషాలు, రోజుకు మూడు నాలుగు దఫాలుగా నడిస్తే చాలు. చాలా మందులకు రెండో వారంలో తెల్లకణాలు బాగా పడిపోతాయి. ఆ రోజుల్లో పార్కులు, జిమ్ములు, జనం వద్దు. మేడ మీద నడవండి. మూడో వారంలో మనిషి తేరుకుంటారు, నిమిషాలు పెంచేది అప్పుడే. మళ్లీ సెలైన్ ఎక్కాక తగ్గించాలి. "మొన్న అరగంట నడిచాను, ఇవాళ పది నిమిషాలకే పడిపోయాను" అని బెంగపడేవాళ్లకు క్యాలెండర్ చూపిస్తాను. ఎంత వేగంగా నడవాలంటే, మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి.

అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ పిలుపు మీద కూడిన అంతర్జాతీయ నిపుణులు 2019లో ఒక లెక్క ఇచ్చారు. వారానికి మూడుసార్లు అరగంట చొప్పున చెమట పట్టే నడకలాంటిది, రెండుసార్లు కండరాలకు పని చెప్పే వ్యాయామం. అలా రెండు మూడు నెలలు చేస్తే నీరసం, ఆందోళన, కుంగుబాటు తగ్గుతాయన్నారు. ఆ అరగంట చేరాల్సిన గమ్యం, మొదటిరోజే చెయ్యాల్సిన పని అనుకోకండి.

ఈ ఆలోచన కొత్తదేం కాదు. ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో నర్సింగ్ పరిశోధకులు మేరీ మెక్‌వికార్, మేరిల్ విన్నింగమ్ 1980లలోనే రొమ్ము కేన్సర్‌కు కీమో తీసుకుంటున్న ఆడవాళ్లతో వ్యాయామ సైకిల్ తొక్కించారు. కీమో అంటే పడుకోవాల్సిందే అనుకునే రోజులవి.

అంతకన్నా మొండి భయం ఇంకోటి ఉంది, చేతి వాపు భయం. రొమ్ము ఆపరేషన్‌లో చంకలోని గ్రంథులు తీసేస్తే ఆ వైపు చేయి వాచే ప్రమాదం ఉంటుంది. దాంతో "ఇక ఆ చేత్తో బిందె ఎత్తొద్దు, పిల్లల్ని ఎత్తుకోవద్దు" అని చెప్పేస్తారు. ఆపరేషన్ అయి ఎన్నేళ్లయినా ఆ చేయిని కొంగు చాటున దాచుకుని తిరిగేవాళ్లు నాకు తెలుసు. 1996లో కెనడాలోని వాంకూవర్‌లో డాన్ మెకెంజీ అనే డాక్టర్ రొమ్ము కేన్సర్ చికిత్స అయిన 24 మంది మహిళలతో డ్రాగన్ బోటు తెడ్లు వేయించారు. తెడ్డు వెయ్యడమంటే భుజం ఊడొచ్చేంత పని. కొత్తగా ఎవరి చేయీ వాచలేదు. 2009లో అమెరికాలో కేథరిన్ ష్మిట్జ్ బృందం అప్పటికే చేయి వాచి ఉన్న 141 మందిని తీసుకుని, సగం మందితో వారానికి రెండుసార్లు బరువులు ఎత్తించింది. వాపు ముదిరినవాళ్లు బరువులెత్తిన వర్గంలో 14 శాతం, ఎత్తనివాళ్లలో 29 శాతం. దీన్ని పట్టుకుని రేపే నిండు బిందె ఎత్తేయకండి. మేం అరలీటరు నీళ్ల సీసాతో మొదలుపెట్టి, చేయి చుట్టుకొలత టేపుతో చూసుకుంటూ నెమ్మదిగా పెంచుతాం. వాపు ఉన్నవాళ్లు బిగుతు తొడుగు వేసుకునే చెయ్యాలి.

మరి వ్యాయామంతో కేన్సర్ తగ్గుతుందా? వాట్సాప్‌లో తగ్గిపోతుందనే తిరుగుతోంది. 2025లో వెలువడిన ఛాలెంజ్ అనే పరిశోధన ఫలితాలను సగం చదివి రాసిన మెసేజీలవి. పెద్దపేగు కేన్సర్‌కు ఆపరేషన్, కీమో పూర్తయిన 889 మంది అందులో ఉన్నారు. శిక్షకుల పర్యవేక్షణలో మూడేళ్లు వ్యాయామం చేసినవాళ్లలో ఎనిమిదేళ్ల తర్వాత 90.3 శాతం మంది బతికున్నారు. సలహాల పుస్తకం మాత్రమే అందుకున్నవాళ్లలో 83.2 శాతం. చాలా పెద్ద సంగతి. కానీ అది ఒక రకం కేన్సర్‌లో, చికిత్స అయ్యాక, చికిత్సకు అదనంగా చేసింది. నడుస్తున్నాం కదా అని కీమో మానేస్తామనేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఆగాల్సిన సందర్భాలూ ఉన్నాయి. కీమో మధ్యలో జ్వరం 100.4 డిగ్రీలు దాటిందా, నడక మాట పక్కనపెట్టి నేరుగా ఆసుపత్రికే వెళ్లాలి. ప్లేట్‌లెట్లు 50 వేల కన్నా తగ్గితే మేం బరువులు ఎత్తించం. జబ్బు ఎముకలకు పాకినవాళ్లు నడుము మెలితిప్పే ఆసనాలు సొంతంగా వెయ్యకూడదు, ఎముక విరగొచ్చు. గుండె మీద ప్రభావం చూపే మందులు వాడుతున్నవాళ్లు డాక్టరును అడిగి మొదలుపెట్టాలి.

పాక్లిటాక్సెల్ తీసుకునేవాళ్లలో ఇంకోటి గమనిస్తాను. నడుస్తుంటే కాలి చెప్పు వెనకే ఉండిపోతుంది, వాళ్లు నాలుగడుగులు ముందుకొచ్చేస్తారు. తిమ్మిరి పట్టిన పాదానికి చెప్పు జారిందన్న కబురే అందదు. వాళ్లకు వెనక పట్టీ ఉన్న చెప్పులు, రాత్రిపూట బాత్రూమ్ దారిలో లైటు, వంటగట్టు పట్టుకుని ఒక పాదం ముందు ఇంకో పాదం పెట్టి నిలబడే సాధన చెబుతాను.

నా ఫిర్యాదల్లా ఒకటే. మా దగ్గరకు చీటీ చాలా ఆలస్యంగా వస్తుంది, చేయి వాచాకో, మనిషి మంచం పట్టాకో. ఆపరేషన్ తేదీ ఇచ్చిన రోజే ఫిజియోథెరపిస్ట్ దగ్గరకు పంపమని మీరే అడగండి. ఆ తేదీ వచ్చేలోపు దొరికే రెండు మూడు వారాల్లో నడకతో, ఊపిరి కసరత్తుతో మనిషిని చాలావరకు సిద్ధం చెయ్యొచ్చు. ఆ ఊపిరి కసరత్తుకు మూడు బంతులున్న ప్లాస్టిక్ పరికరం మీ చేతికిస్తారు. చూడగానే అందరూ బూర ఊదినట్టు దాంట్లోకి ఊదుతారు. ఊదితే బంతులు లేవవు. పెదాలు బిగించి, గొట్టంలోంచి నెమ్మదిగా గాలిని లోపలికి పీల్చాలి.