ముడి ఒక్కటే.. బొమ్మలు రెండు! దాదాపు 75 ఏళ్లు ఎవరికీ దొరకని తప్పు.. పట్టేసిన లాయర్

చార్జర్ వైర్, షూ లేస్, పడవ తాడు.. ముడి పడనిది ఏదీ ఉండదు. లెక్కల శాస్త్రంలో ఈ ముడులకూ ఓ లిస్టు ఉంది. అందులో ఒకే ముడిని రెండుసార్లు రాసేశారు. ఆ తప్పు దాదాపు 75 ఏళ్లు అలాగే ఉండిపోయింది. చివరికి దాన్ని పట్టుకున్నది న్యూయార్క్‌కు చెందిన ఓ లాయర్. అసలేం జరిగిందంటే..

ముడికి నంబర్ ఎలా?

తాడుకు ముడి వేసి రెండు కొసలనూ అతికిస్తే లూప్ అవుతుంది. ఆ లూప్‌ను నేల మీద పరిచి, తాడు తన మీద నుంచి తానే ఎన్నిచోట్ల దాటిందో లెక్కపెట్టాలి. వీటినే క్రాసింగ్‌లు అంటారు. మెలికల ముగ్గులో గీతలు కలుసుకునే చోట్లు లెక్కపెట్టినట్టే. కాకపోతే ఇక్కడ ఏది పైన, ఏది కింద అన్నది కూడా చూడాలి. తాడును తెంపకుండా ఎంత సర్దినా ఇక తగ్గని క్రాసింగ్‌ల సంఖ్యే ఆ ముడి నంబర్.

ఒకటి, రెండు క్రాసింగ్‌లతో ముడి పడదు. కాస్త సర్దితే మామూలు లూప్ అయిపోతుంది. మూడుకు ఒకే ముడి ఉంది. మూడు రేకుల ఆకారంలో ఉండే దాని పేరు ట్రెఫాయిల్. నాలుగుకూ ఒకటే. ఐదుకు 2, ఆరుకు 3, ఏడుకు 7, ఎనిమిదికి 21, తొమ్మిదికి 49. చిన్న ముడులను కలిపి చేసినవి ఈ లెక్కలోకి రావు. అద్దంలో కనిపించే రూపాన్నీ వేరుగా లెక్కపెట్టరు.

లిస్టు ఎందుకు మొదలైంది?

పరమాణువులంటే ఈథర్‌లో పడిన ముడులేనని 1867లో విలియం థామ్సన్ ఊహించారు. లార్డ్ కెల్విన్‌గా పేరు పొందింది ఈయనే. ఆ ఊహతోనే స్కాట్లాండ్ శాస్త్రవేత్త పీటర్ గుత్రీ టైట్ 1870లలో ముడుల లిస్టు మొదలుపెట్టారు. ఊహ తప్పని తేలింది కానీ లిస్టు మాత్రం ఆగలేదు.

తప్పు ఎక్కడ?

తాడు వరుసగా ఒకసారి పైనుంచి, ఒకసారి కిందనుంచి వెళ్లని 10 క్రాసింగ్‌ల ముడులను అమెరికన్ చార్లెస్ లిటిల్ చేతితోనే గీశారు. దీనికి ఆరేళ్లు పట్టింది. మొత్తం 43 అని తేల్చారు. తాడు వెళ్లే దిశను బట్టి ఒక్కో క్రాసింగ్‌కు ప్లస్ లేదా మైనస్ ఇస్తే, ఒకే ముడికి మొత్తం ఎప్పుడూ ఒకటే వస్తుందని ఆయన నమ్మారు. ఓ బొమ్మకు 8, ఇంకో బొమ్మకు 10 వచ్చేసరికి అవి వేర్వేరు ముడులే అనుకున్నారు.

ఆ రెండూ ఒకటేనని కెన్నెత్ పెర్కో 1974లో అచ్చయిన పేపర్‌లో చూపించారు. దాంతో 43 కాస్తా 42 అయింది. 10 క్రాసింగ్‌ల ముడుల మొత్తం సంఖ్య 165గా స్థిరపడింది. విచిత్రం ఏంటంటే, 1976లో వచ్చిన డేల్ రోల్ఫ్‌సెన్ పుస్తకంలోనూ అవి రెండు ముడులుగానే అచ్చయ్యాయి! క్రాసింగ్‌లు లెక్కపెట్టడం తేలికే. రెండు బొమ్మలు ఒకే ముడివా కాదా అని తేల్చడమే అసలు కష్టం.

ఇప్పుడు పని కంప్యూటర్లది. 1998 నాటికి 16 క్రాసింగ్‌ల వరకు 17 లక్షలకు పైగా ముడులు లెక్క తేలాయి. 2020లో ఆస్ట్రేలియాకు చెందిన బెంజమిన్ బర్టన్ 19 క్రాసింగ్‌ల వరకు వెళ్లారు. ఆ సంఖ్య 35 కోట్లు దాటింది.

దీంతో ఉపయోగం ఏంటి?

డీఎన్ఏ కూడా ముడి పడుతుంది. టోపోఐసోమరేజ్ అనే ఎంజైమ్‌లు దాన్ని కత్తిరించి, విప్పి, మళ్లీ అతికిస్తాయి. సిప్రోఫ్లాక్సాసిన్ యాంటీబయాటిక్ బ్యాక్టీరియాలోని ఈ ఎంజైమ్‌లనే అడ్డుకుంటుంది. ఎటోపోసైడ్ అనే క్యాన్సర్ మందు పనిచేసేదీ ఇలాంటి ఎంజైమ్ మీదే. ల్యాబ్‌లో ఒకే పొడవున్న డీఎన్ఏ లూప్‌లను జెల్‌లో పరిగెత్తిస్తే, ఎక్కువ క్రాసింగ్‌లున్న ముడి గట్టిగా ముడుచుకుని ఉంటుంది కాబట్టి వేగంగా ముందుకెళ్తుంది. ఒకప్పుడు చేత్తో లెక్కపెట్టిన క్రాసింగ్‌లే ఇప్పుడు డీఎన్ఏ ముడులను గుర్తుపట్టడానికి పనికొస్తున్నాయన్నమాట.